బడి పచ్చగుండాలంటే ముందు జాగ సక్కగుండాలె

మార్చి నడిమిట్ల మన తెలంగాణల సర్కారు బడులకు ఒంటిపూట మొదలైతది. పొద్దుగాల ఎనిమిదింటికి గంట కొడితే, పన్నెండున్నరకు పిల్లలను ఇంటికి పంపిస్తరు. ఏప్రిల్ నాలుగో వారంల సెలవులు. అంటే ఏటా ఇంచుమించు నలభై రోజులు మన పిల్లలకు సగం పూట బడే. ఎందుకంటే ఎండ.

"ఎండ కొడితే ఎవలేం చేస్తరు" అనుకుంట మనం అలవాటు పడ్డం. నేను గూడ అట్లనే అనుకునేటోన్ని. గాని ఒక ముచ్చట నన్ను ఇడిసిపెడ్తలేదు. మా ఊర్ల నేను రెండు బళ్లల్ల చదివిన. ఒకటి పాతది, ఊరి నడిమిట్ల. గూన పెంకలు, మందం గోడలు, ముంగట రెండు యాప చెట్లు. ఇంకోటి కొత్తది. స్లాబు, బండల ఫ్లోరింగు, ఇనుప గేటు. పాత బడిల ఏప్రిల్ల గూడ లోపల కూసోనే చదివినం. కొత్త బడిల మార్చి మొదటి వారానికే సార్లు మమ్ముల గదులల్లకెల్లి తీసి వరండల కూసోబెట్టిన్రు. అదే ఊరు, అదే ఎండ. మారింది బడి ఒక్కటే.

ఇప్పుడు మన రాష్ట్రంల బడులు కట్టుడు మస్తు జోరు మీదున్నది. దానితోని "గ్రీన్ స్కూల్" అనే మాట గూడ ఇనొస్తున్నది. మీద సోలార్ పలకలు, గేటు కాడ నాలుగు మొక్కలు, గోడకు పచ్చ రంగు. ఇవి ఉంటే గ్రీన్ అయిపోయినట్టేనా? కాదంటున్న నేను. బడి చల్లగుంటదా, మునుగుతదా, ఆడపిల్లలు నడిచి రాగలుగుతరా లేదా అనేది సగానికి సగం శంకుస్థాపన రాయి పాతకముందే తేలిపోతది. జాగ కాడనే తేలుతది.

మా బడి కథ

మా పాత బడి కూలేటట్టున్నదని కొత్త బిల్డింగు మంజూరైంది. అందరికీ సంతోషమే. మరి జాగ ఏడ? ఊరి చుట్టూ అన్నీ పట్టా భూములే. సర్కారు భూమి ఏడన్న ఉన్నదా అని పహాణీలు తిరగేస్తే, రెండు కిలోమీటర్ల అవతల, మెయిన్ రోడ్డు దాటినంక, చెరువు శిఖం పక్కపొంటి ఒక ముక్క దొరికింది. పెద్దమనుషులు వచ్చే తారీఖు అప్పటికే ఖాయమైంది. సర్వేయర్ వచ్చి గొలుసు పట్టిండు, వారం తిరగకముందే కొబ్బరికాయ కొట్టిన్రు. "అక్కడ వానకాలం నీళ్లు నిలుస్తయి బిడ్డా" అని ఇద్దరు ముగ్గురు ముసలోళ్లు అన్నరు. ఇన్నోళ్లు లేరు.

రోడ్డు పడమటి దిక్కున్నదని గేటు పడమటికి పెట్టిన్రు. గేటు కాడికెల్లి మంచిగ కనవడాలెనని గదులన్నీ పడమటి మొఖాన కట్టిన్రు. ఇగ పగటాల్ల రెండింటి నుంచి బడి ఇడిసేదాక ఎండ కిటికీలల్లకెల్లి సీద బెంచీల మీదికే. మూస్తే ఉక్కపోత, తెరిస్తే ఎండ. కట్టిన మూడో ఏడు పెద్ద వాన కొట్టి చెరువు నిండింది. నీళ్లు వాటి పాత జాగకు అవి వచ్చినయి. ఆ జాగల అప్పుడు మా తొమ్మిదో తరగతి ఉన్నది. పది రోజులు బడి బందు. లైబ్రరీ పుస్తకాలు తడిసి ముద్దయినయి.

అందరికంటె పెద్ద దెబ్బ మా చిన్నమ్మ బిడ్డకు తాకింది. నాకు చెల్లె. నాకంటె మూడేండ్లు చిన్నది, నాకంటె మంచిగ చదివేది. పొద్దుగాల రెండు కిలోమీటర్లు, సాయంత్రం రెండు కిలోమీటర్లు. నడుమ మెయిన్ రోడ్డు, రోడ్డు పక్కన బెల్టు షాపు. స్పెషల్ క్లాసులు అయ్యేసరికి చీకటి. ఎనిమిదో తరగతి కాంగనే మా చిన్నాయిన "ఇగ చాలు తియ్" అన్నడు. ఆయనను తిట్టలేను. రోజూ బిడ్డకు ఎదురుపోవుడు కూలికి పోయే మనిషితోని ఏడైతది?

రాసుడేమో రిజిస్టర్ల "డ్రాపౌట్" అని రాసుకున్నరు. కారణం కాడ "కుటుంబ సమస్యలు" అని ఉన్నదట. ఆ జాగ ఖాయం చేసిన కాయితంల మాత్రం మా చెల్లె పేరు ఏడ లేదు.

గ్రీన్ బిల్డింగుకు పుట్టినిల్లు మన హైదరాబాదే

గ్రీన్ బిల్డింగు అంటే ఏదో ఫారిన్ ముచ్చట అనుకునేరు. 2001ల పుట్టిన ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ మన హైదరాబాద్ కేంద్రంగనే నడుస్తున్నది. దాని అడ్డా సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. ఆ బిల్డింగుకు 2003ల అమెరికా వాళ్ల లీడ్ రేటింగుల ప్లాటినం వచ్చింది. అమెరికా బయట ఆ ప్లాటినం దక్కిన మొట్టమొదటి బిల్డింగు అదే. 2004 జులైల అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించిన్రు. లోపల ఏమున్నది? నడిమిట్ల ఖాళీ వాకిలి, గాలి ఆడే జాలీ గోడలు, గాలిని చల్లగ చేసి లోపలికి పంపే గోపురాలు, కప్పు మీద పచ్చదనం. సగం మన పాత భవంతి ఇండ్లల్ల ఉన్న సంగతులే.

ఆ కౌన్సిల్ బడుల కోసమే ఒక రేటింగు పెట్టింది. ఢిల్లీల టెరి సంస్థ తయారుచేసిన గృహ రేటింగు గూడ ఉన్నది. ఈ రేటింగులల్ల జాగ ఎంపిక, జాగను వాడుకునే తీరు అనేది ఒక పెద్ద భాగం. మీద సోలార్ పెట్టుడు తర్వాతి ముచ్చట. అంటే గ్రీన్ చదువు చదివినోళ్ల పుస్తకంల గూడ జాగ మొదటి పాఠాలల్లనే ఉన్నది. మన దగ్గరనే ఆ పాఠం ఇడిసిపెట్టి ఆఖరి పేజీకి పోతున్నరు.

ఇగ చట్టం సంగతి. కరెంటు తక్కువ తాగే బిల్డింగులు కట్టాలెనని కేంద్రం 2007ల ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్ తెచ్చింది. 2017ల దాన్ని మార్చింది. తెలంగాణ గూడ ఆ కోడ్‌ను తన నిబంధనలల్లకు తెచ్చుకున్నది. గోడ ఎంత వేడి ఆపాలె, కప్పు ఎంత ఆపాలె, కిటికీ ఎట్లుండాలె అన్నీ అండ్ల ఉన్నయి. గాని ఒక మెలిక ఉన్నది. కనెక్టెడ్ లోడ్ 100 కిలోవాట్లు, లేకుంటే కాంట్రాక్ట్ డిమాండ్ 120 కేవీఏ ఉన్న బిల్డింగులకే కేంద్రం కోడ్ వర్తిస్తది.

మన ఊరి బడి లెక్క తీద్దాం. పది గదులు, గదికి నాలుగు ఫ్యాన్లు, నాలుగు లైట్లు. ఫ్యానుకు 75 వాట్లు, లైటుకు 20 వాట్లు. గదికి 380 వాట్లు, పది గదులకు 3.8 కిలోవాట్లు. బోరు మోటరు, నాలుగు కంప్యూటర్లు కలుపుకున్నా పది కిలోవాట్లు దాటుడు కష్టమే. అంటే మన బడి ఆ కోడ్ గీతకు పదో వంతు కాడనే ఆగిపోతది. ఏసీలు బిగించిన షాపింగ్ మాలుకు కప్పు ఎట్లుండాల్నో చట్టం చెప్తది. ఫ్యాను గూడ సక్కగ తిరగని గదికి మాత్రం ఆ చట్టం రాదు. కరెంటు తక్కువ కాల్చే పేదోళ్ల బడే కప్పు కింద ఎక్కువ కాలుతున్నది.

2022ల ఎనర్జీ కన్జర్వేషన్ చట్టాన్ని సవరించిన్రు. ఆ 100 కిలోవాట్ల గీతను రాష్ట్రాలు కిందికి దించుకోవచ్చని అండ్ల ఉన్నది. అంటే మన సర్కారు తలుచుకుంటే "కొత్తగ కట్టే సర్కారు బడులన్నిటికీ ఈ కోడ్ వర్తిస్తది" అని ఒక్క జీవోతోని చెప్పొచ్చు.

రంగులు వేసినం, కప్పు మర్చినం

2022ల అప్పటి సర్కారు "మన ఊరు – మన బడి" మొదలు పెట్టింది. 26,065 బడులు, మూడేండ్లు, 7,289 కోట్లు అని చెప్పిన్రు. పన్నెండు రకాల పనులు పెట్టిన్రు. నీళ్లున్న మరుగుదొడ్లు, కరెంటు, తాగునీళ్లు, బెంచీలు, రంగులు, రిపేర్లు, ప్రహరీ గోడలు, వంట గదులు, హైస్కూళ్లకు డైనింగ్ హాళ్లు... అన్నీ కావాల్సినవే, కాదనను. గాని ఆ పన్నెండుల కప్పు వేడి తగ్గించుడు అని ఒక పని లేదు, నీడ అని లేదు, వాన నీళ్లు పట్టుడు అని లేదు. అండ్ల "గ్రీన్" అనే పేరున్నది ఒక్క చాక్ బోర్డుకే.

ఇప్పటి సర్కారు యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్లు కడ్తున్నది. 2024 అక్టోబర్ 11న షాద్‌నగర్ నియోజకవర్గంల కొందుర్గు కాడ ముఖ్యమంత్రి భూమిపూజ చేసిండు. ఒక్కో క్యాంపస్ 20 నుంచి 25 ఎకరాలు, 2,560 మంది పిల్లలు. 2025–26 బడ్జెట్‌ల 58 స్కూళ్లకు 11,600 కోట్లు అన్నరు. ఒక్కోదానికి 200 కోట్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు ఒక్క కాడ చదువుకునుడు మంచి ఆలోచన. నేనైతే మెచ్చుకుంట.

గాని ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడుర్రి. 58 స్కూళ్లల్ల పట్టేది 1,48,480 మంది. మిగిలిన లక్షల మంది పిల్లలు ఊరి బళ్లల్లనే ఉంటరు. "మన ఊరు – మన బడి" లెక్కల ఒక్కో బడికి వచ్చేది సగటున 28 లక్షలు. ఒకటి కొత్తగ కట్టే హాస్టల్ బడి, ఇంకోటి రిపేరు, రెండూ ఒక్కటి కాదని తెలుసు. అయినా అడగాల్సిన మాట ఒకటే. పెద్ద క్యాంపసుకు ఎంత ప్లానింగు చేస్తున్నమో, ఊరి బడి రెండు గదులకు అండ్ల పదో వంతన్న చేస్తున్నమా?

పెద్ద క్యాంపసుకు గూడ జాగనే పరీక్ష

హాస్టల్ పిల్లలకు రోజూ నడిచే బాధ లేదు. అక్కడ అసలు ముచ్చట నీళ్లు. హాస్టల్ల ఉండే ఒక్క మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలెనని ఇంజనీర్లు లెక్క కడ్తరు. 2,560 మందికి రోజుకు 3,45,600 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరైతే 69 ట్రిప్పులు. గుట్ట మీద, బండ నేల మీద జాగ ఇచ్చి బోర్లు వేస్తే ఎండకాలం ఏమైతది? పక్క రైతు బోరు ఎండుతది. ఆడికెల్లి బడికి, ఊరికి కొట్లాట మొదలైతది.

వాడిన నీళ్లల్ల ఎనభై శాతం మళ్ల మురికి నీళ్లయి బయటికొస్తయి. రోజుకు రెండున్నర లక్షల లీటర్లకు పైన. అవి శుద్ధి చేసి చెట్లకు పెడ్తరా, లేకుంటే కింద చెరువుల కలుపుతరా? ఇది భూమిపూజ నాడే అడగాల్సిన ముచ్చట. కట్టినంక అడిగితే పైపు అప్పటికే చెరువు దిక్కు తిరిగి ఉంటది.

దీనికి మందు గూడ ఆ జాగలనే ఉన్నది. తెలంగాణల ఏడాదికి సగటున దాదాపు 900 మిల్లీమీటర్ల వాన పడ్తది. 25 ఎకరాల మీద పడే వాన ఏడాదికి తొమ్మిది కోట్ల లీటర్లు. ఆ బడికి ఏడాదికి కావాల్సింది పది పన్నెండు కోట్ల లీటర్లు. పడ్డ వానల సగం పట్టి భూమిల ఇంకించినా ఎంత బలం ఉంటదో చూడుర్రి. దానికి జాగ వాలు తెల్వాలె, నీళ్లు ఏ దిక్కు పోతయో తెల్వాలె, ఆ దారిల బిల్డింగు పెట్టొద్దు. ఊరి బడికి గూడ ఇదే లెక్క. 500 చదరపు మీటర్ల స్లాబు మీద ఏడాదికి 4.5 లక్షల లీటర్ల వాన పడ్తది. ఇప్పుడు ఆ నీళ్లు గొట్టంలకెల్లి దుంకి బడి ముంగట బురద చేస్తున్నయి.

శిఖం అంటే చెరువు ఇల్లు

జాగ లేనప్పుడు అందరి కన్ను శిఖం మీద పడ్తది, బంచరాయి మీద పడ్తది. ఎవ్వలది కాదు కద అనుకుంటరు. శిఖం భూమి చెరువు నిండినప్పుడు నీళ్లు పండుకునే ఇల్లు. పదేండ్లు కరువొస్తే మనం మర్చిపోతం, చెరువు మర్చిపోదు.

2023 జులైల ఏమైందో యాది చేసుకోర్రి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. రాష్ట్రంల సగటున ఏడాదంత పడే వానల డెబ్బై శాతం అది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచింది. జనం ఇండ్ల మీదికి, చెట్ల మీదికి ఎక్కి పానం కాపాడుకున్నరు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2024 సెప్టెంబర్ మొదట్ల ఖమ్మంల మున్నేరు కాలనీలకు కాలనీలను ముంచింది. ఇట్లాంటి వానలు ఇగ రావు అని ఎవలన్న కాయితం రాసిస్తరా? బడి యాభై ఏండ్ల కోసం కడ్తం. యాభై ఏండ్లల్ల ఒక్కసారి వచ్చే నీళ్లను గూడ లెక్కల పెట్టాలె. పైంగ వరద వస్తే ఊరంత తలదాచుకునేది బళ్లనే. ఆ బడే మునిగితే ఇగ ఏడికి పోవాలె?

చెరువులు, కుంటల రక్షణకు 2002ల వచ్చిన వాల్టా చట్టం ఉన్నది. ఊరుమ్మడి భూములను కాపాడాలెనని 2011ల సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసుల గట్టిగ చెప్పింది. బడికో దవాఖానకో కొంత మినహాయింపు ఇవ్వొచ్చన్నది గూడ ఆ తీర్పే. నేనడిగేది ఏందంటే, చట్టం సందు ఇచ్చినా నీళ్లు సందు ఇస్తయా?

అన్ని కాలాల బిల్డింగు

2009 విద్యాహక్కు చట్టంల ఒక షెడ్యూల్ ఉన్నది. బడికి ఏమేం ఉండాల్నో అండ్ల రాసిన్రు. బిల్డింగు కాడ మొదటి మాటనే, అన్ని కాలాలకు ఆగే బిల్డింగు. మార్చిల పన్నెండున్నర తర్వాత కూసోరాని గది, వానకాలం పది రోజులు మునిగే గది అన్ని కాలాల బిల్డింగు అయితదా? స్లాబు ఉంటే చాలు, అన్ని కాలాలకు ఆగినట్టేనని రాసుకుంటున్నరు. స్లాబు వాననే ఆపుతది. ఎండను ఆపుడు దేవుడెరుగు, పగలంత మింగి లోపలికి కక్కుతది.

దూరం గురించి గూడ నిబంధనలల్ల ఉన్నది. ఐదో తరగతి దాక కిలోమీటరు లోపల, ఎనిమిది దాక మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలె. మా చెల్లె నడిచింది రెండు కిలోమీటర్లే. కాయితం లెక్కల మా బడి పాస్. మూడు కిలోమీటర్లు అని రాసినోళ్లు ఆ దారిల ఏమున్నదో రాయలే. మెయిన్ రోడ్డు, వాగు, బెల్టు షాపు, లైట్లు లేని మలుపు. దూరాన్ని టేపుతోని కాదు, ఆడపిల్ల కాళ్లతోని కొలవాలె.

మన దేశంల బడుల బిల్డింగు రూల్సు ఎప్పుడు కదులుతయంటే, పానాలు పోయినంక. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంల బడి కాలిపోయి 94 మంది పిల్లలు సచ్చిపోయిన్రు. గడ్డి కప్పు, ఇరుకు మెట్లు. ఐదేండ్లకు, 2009ల, అవినాశ్ మెహ్రోత్రా కేసుల సుప్రీంకోర్టు ప్రతి బడి నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం భద్రంగ ఉండాలెనని చెప్పింది. అగ్గి ఒక్కనాడు కనవడ్తది గనుక కోర్టు దాక పోయింది. వేడి రోజింత, దూరం రోజింత పిల్లలను బడికెల్లి బయటికి నూకుతయి. అవి పేపర్ల రావు.

పైసలు లేవు అనేది సగం నిజమే

"తమ్మీ, చెప్పుడు అల్కగనే ఉంటది. ఏసీలు పెట్టాల్నా? పైసలేవి?" అని అడుగుతరు. నేను ఏసీ అంటలేను. పశ్చిమ ఆఫ్రికల బుర్కినా ఫాసో అని దేశం ఉన్నది. మనకంటె పేదది, మనకంటె ఎండ ఎక్కువ. అక్కడ గాండో అనే ఊరి పిల్లగాడు ఫ్రాన్సిస్ కేరె జర్మనీకి పోయి ఆర్కిటెక్ట్ అయి, 2001ల తన ఊర్ల బడి కట్టిండు. ఊరోళ్లే మట్టి ఇటుకలు చేసిన్రు. గదుల మీద మట్టి ఇటుకలతోనే సందులున్న కప్పు వేసి, దాని మీద ఎత్తుల రేకులు లేపిండు. వేడి గాలి సందులకెల్లి మీదికి పోతది, చల్లగాలి కిటికీలకెల్లి లోపలికొస్తది. కరెంటు అక్కెర లేదు. ఆ బడికి 2004ల ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. 2022ల కేరెకు ఆర్కిటెక్టులల్ల అన్నిటికంటె పెద్దదైన ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చిన్రు. మన దగ్గర అవే రేకులు సీద పిల్లల నెత్తి మీద పెడ్తున్నం.

మన బళ్లకు కావాల్సినవి గూడ ఇంతే అల్కటివి. గదులు ఉత్తర, దక్షిణ దిక్కులకు కిటికీలు పెట్టి కట్టాలె, పొద్దటి ఎండ, సాయంత్రం ఎండ సీద లోపలికి రాకుంట. ఇది డ్రాయింగ్ మీద కాయితం తిప్పుడే, రూపాయి ఖర్చు లేదు. కిటికీల మీద సక్కటి సజ్జ. ఎదురుబదురు కిటికీలు. కప్పు మీద తెల్లటి పూత. 2023ల మన రాష్ట్రమే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. సర్కారు బిల్డింగులన్నిటికీ చల్లటి కప్పు తప్పనిసరి అన్నది. గది లోపల రెండు నుంచి ఐదు డిగ్రీల దాక తగ్గుతదని ఈ పని చేసినోళ్లు చెప్తున్నరు. మరి ఆ పాలసీ మీ ఊరి బడి స్లాబు ఎక్కిందా? ఒకపారి మెట్లెక్కి చూడుర్రి.

జాగ కాడ గూడ "ఫ్రీ" అనే మాటకు మోసపోవద్దు. తహసీల్దారు ఆఫీసోళ్లకు గూడ కష్టమే, నాకు తెలుసు. సర్కారు చేతిల మిగిలిందే తక్కువ, మిగిలింది గుట్టో శిఖమో. ఎకరం ధర ఆకాశంల ఉన్నది. గాని దూరంల ఫ్రీ జాగ దొరికిందనుకోర్రి. గుంత పూడ్చ మొరం కావాలె, రోడ్డు కావాలె, కరెంటు లైను, బోరు, పెద్ద ప్రహరీ. ఇవన్నీ అయినంక పిల్లల ఆటో కిరాయి. మాటకు 150 మంది పిల్లలు, రోజుకు 20 రూపాయలు, ఏడాదికి 220 రోజులు. 6 లక్షల 60 వేలు. పదేండ్లకు 66 లక్షలు. సర్కారు మిగిలించిన జాగ పైసలు కూలి తల్లిదండ్రులు ఆటోలకు కడ్తున్నరు. కట్టలేనోళ్లు బిడ్డను ఇంట్ల కూసోబెడ్తున్నరు. దానికంటె పాత బడి జాగలనే మీదికి ఒక అంతస్తు కట్టుడో, ఊరి పక్కన ఒక ఎకరం కొనుడో, భూమికి భూమి మార్చుకునుడో సర్కారుకు గూడ నయం.

రాయి పాతకముందే అడుగుర్రి

ఇది సదువుతున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు చాలామంది ఊర్లల్లనే ఉన్నరు. చేతిల ఫోనున్నది. శంకుస్థాపన నాడు ఫోటో దించి స్టేటస్ పెడ్తం. ఆ ఫోటోకు నెల ముంగట గ్రామసభల ఈ మాటలు అడుగుర్రి.

ఈ సర్వే నంబరు పహాణిల ఏమని ఉన్నది? శిఖమా, కుంటనా, వాగు పోరంబోకా? ఊరి నక్ష తెచ్చి చూపించుర్రి.

వానకాలం ఆడ నీళ్లు ఎంత దాక వస్తయి? ఊరి ముసలోళ్లను జాగ కాడికి తీస్కపోయి అడిగిన్రా?

పిల్లలు ఏ దారిల నడుస్తరు? రోడ్డు ఏడ దాటుతరు? ఒక ఆడపిల్లను తోలుకొని సాయంత్రం ఆ దారి నడిచి చూసిన్రా?

గదులు ఏ దిక్కుకున్నయి? డ్రాయింగ్ మా జాగ కోసం గీసిందా, అన్ని ఊర్లకు ఒక్కటేనా?

కప్పుకు తెల్ల పూత ఎస్టిమేట్ల ఉన్నదా? వాన నీళ్ల గుంత ఉన్నదా? ఉన్న చెట్లు ఎన్ని కొడ్తున్రు?

మురికి నీళ్లు ఏడికి పోతయి?

జవాబు చెప్పకుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు, డ్రాయింగు కాపీలు అడుగుర్రి. ముప్పై రోజులల్ల ఇయ్యాలె. విద్యాహక్కు చట్టంల బడి అభివృద్ధి ప్లాను తయారుచేసే అధికారం తల్లిదండ్రులుండే కమిటీకి ఇచ్చిన్రు. ఇప్పుడు మన దగ్గర అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరు మీద మహిళా సంఘాలోళ్లు బడి పనులు చూస్తున్నరు. మీ అమ్మనో, అక్కనో అండ్ల ఉండొచ్చు. బిల్లుల మీద సంతకం పెట్టించుకునుడు కాదు, జాగ మీద గూడ ఆమె మాట ఇనాలె. పిల్లను బడికి తోలేది ఆమెనే గనుక ఆమెకే ఎక్కువ తెలుసు.

మా ఊర్ల ఇప్పుడు చిన్నబడికి కొత్త గదులు వస్తయని మాట నడుస్తున్నది. పాత జాగ సాలదు, రోడ్డు అవతలికి పోదామని కొందరంటున్నరు. మొన్న దసరాకు మా చెల్లె వచ్చింది. ఆమెను ఇచ్చింది మా ఊర్లనే. ఆమె బిడ్డకు ఐదేండ్లు, వచ్చే ఏడు బడికి పోవాలె. బతుకమ్మ పేర్చుకుంటనే నన్ను అడిగింది: "అన్నా, ఈపారి బడి ఏడ కడ్తున్రు?"

నాకు తెల్వదని చెప్పిన. గ్రామసభ ఎన్నడో కనుక్కొని, ఆమెను గూడ తోలుకొని పోత.